లంబసింగిలో టెంటు: లోపల కుంపటి పెట్టుకోవచ్చా?

ప్రశ్న (రాజమండ్రి నుంచి):
డిసెంబరు చివర్లో లంబసింగి వెళ్తున్నాం. మేమిద్దరం, ఆరేళ్ల పాప, మా అత్తగారు. తాజంగి దగ్గర టెంటు మాట్లాడుకున్నాం. పాపకి చలి పడదు. పడుకునేటప్పుడు కుంపటిలో బొగ్గులు రాజేసి టెంటులో ఓ మూల పెడదామంటున్నారు అత్తయ్యగారు. పర్లేదా? పాములంటే కూడా టెన్షన్‌గా ఉంది.

జవాబు (మన్యం ఏజెన్సీ ప్రాంతంలో పనిచేసే స్టాఫ్ నర్సు):
కుంపటి మాత్రం వద్దమ్మా. బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. నిద్రలో ఉన్నవాళ్లకి దగ్గు రాదు, మెలకువ రాదు. నిప్పులు బూడిద కప్పుకున్నాక కూడా ఆ గ్యాసు వస్తూనే ఉంటుంది. చలిమంట బయటే, టెంటుకి దూరంగా వేసుకోండి. పడుకునే ముందు నీళ్లు పోసి ఆర్పేయండి. చలి ఎక్కువగా నేల నుంచే పడుతుంది, అందుకే పైన కప్పుకోవడం కన్నా ముందు కింద మందంగా పరవండి. మీలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే అందరూ బయటికొచ్చి 108కి ఫోన్ చేయండి.

పాముల సంగతికొస్తే, చలికాలంలో తక్కువే గానీ అసలు ఉండవని చెప్పలేను. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. కాటు పెద్దగా నొప్పి ఉండదు, వాపు కూడా సరిగ్గా కనపడదు. కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం చూస్తే ఆలస్యం చేయొద్దు. తాడు కట్టడం, గాటు పెట్టడం, నాటుమందు ఏదీ వద్దు. నేరుగా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. విరుగుడు ఇంజెక్షన్‌కి అక్కడ డబ్బు తీసుకోరు. టెంటు జిప్పు ఎప్పుడూ మూసి ఉంచండి, చెప్పులు దులిపి వేసుకోండి.

జవాబు (నర్సీపట్నం, కారు డ్రైవర్ని):
వెలుగుండగానే ఘాట్ ఎక్కేయండి. మంచు దిగితే ముందు బండి కూడా కనపడదు. ఫోన్ సిగ్నల్ ఎక్కడుందో పగలే చూసి పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. జిప్పు కొంచెం తీసి ఉంచి కుంపటి పెట్టినా ప్రమాదమేనా?

నర్సు:
ప్రమాదమేనమ్మా. ఆ సందు చాలదు. పైగా అర్ధరాత్రి చలికి ఎవరో ఒకరు మూసేస్తారు. రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి కాళ్ల దగ్గర పెట్టండి. అత్తయ్యగారు తట్టుకోలేరనిపిస్తే గది తీసుకోండి. తలుపులు మూసిన గదిలో కూడా కుంపటి పెట్టకూడదు, అది ఆవిడకి ముందే చెప్పండి.