‘పాలమూరు లేబర్ వచ్చింది’: ఈ క్రియ గురించి

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మా మేనకోడలు ఉండే హాస్టల్‌కు వెళ్ళాను. పాలమూరు నీళ్ళ మీద సభ ఉందని పిల్లలంతా చార్టులు రాస్తున్నారు. ఒకదాని మీద స్కెచ్ పెన్నుతో ‘పాలమూరు లేబర్ వచ్చింది’ అని రాసి ఆగిపోయారు. ‘మామా, మనుషులే కదా, వచ్చిండ్రు అనాలె కదా?’ అని అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మీరేమంటారు?

జవాబు: అన్నా, వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. సైన్యం వచ్చింది, పెళ్ళి బృందం దిగింది అంటాం కదా.

నిజమే తమ్ముడూ. కానీ మా కోస్గి, మక్తల్ దిక్కు ఊళ్ళల్లో తమవాళ్ళను ఎవరూ అట్లా అనరు. ‘బొంబాయి పోయినోళ్ళు వచ్చిండ్రు’ అంటారు. ‘వచ్చింది’ అన్నది పనికాడి మాట. సిమెంటు వచ్చింది, కంకర వచ్చింది, లేబర్ వచ్చింది. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయిన మనుషులు ఆ లెక్కలోనే పడిపోయారు.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద 1890లో మహబూబ్‌నగర్ అయింది కానీ జనం నోట్లో పాలమూరు పోలేదు. ఆ పేరును దూరదేశాలకు మోసింది డ్యాములు, కాలువలు కట్టిన కూలీలే. నేను సిటీలో చదివే రోజుల్లో ఏ ఊరంటే ‘హైదరాబాద్ దగ్గరే’ అని దాటేసేవాళ్ళం. జిల్లా 2016లో ముక్కలైంది, 2019లో నారాయణపేట కూడా విడిపోయింది. ఇప్పుడు వనపర్తి పిల్ల, గద్వాల పిల్లగాడు ఒకే గదిలో కూర్చొని ‘మేం పాలమూరోళ్ళం’ అంటుంటే నాకు కడుపు నిండింది.

జవాబు: ‘లేబర్’ తీసేసి ‘పాలమూరు బిడ్డలు’ అంటే బాగుంటుంది కదన్నా?

వద్దు చెల్లే. కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టేదే మా దగ్గర. నది పక్కన పెట్టుకొని వలస ఎందుకు పోవాల్సి వచ్చిందన్న ప్రశ్న ఆ మాటలోనే ఉంది. దాన్ని తీసేస్తే ఇక సభ దేనికి? మార్చాల్సింది క్రియనే.

వేరే చార్టు లేక పిల్లలు దాని మీదనే ‘ది’ కొట్టేసి ‘డ్రు’ అని రాశారు.