ఎండ ఒకటే అయినప్పుడు సముద్రపు నీటి వేడి ఏటేటా ఎందుకు మారుతోంది?

ప్రశ్న (బడి మాస్టారు, గార మండలం):
ఏటా ఏప్రిల్ మొదటి వారంలో, వేట నిషేధం మొదలుకాక ముందే, మా పిల్లలతో కలిసి కళింగపట్నం నుంచి పడవలో కొద్ది దూరం వెళ్లి, బకెట్‌తో నీళ్లు తోడి థర్మామీటరు ముంచి చూస్తుంటాము. కిందటేటి కంటే ఈ ఏడు నీరు ఒకటిన్నర డిగ్రీ చల్లగా ఉంది. ఎండ మాత్రం రెండేళ్లూ ఒకేలా కాసింది. ఇదంతా ప్రవాహాల పనేనని పడవ నడిపే సరంగు గారు అంటున్నారు. నిజమేనా?

జవాబు (సముద్రశాస్త్ర విద్యార్థి, విజయనగరం):
మాస్టారూ, ఎండ ఎంత కాసిందన్నది సగం లెక్కే. ఆ వేడిని ఎంత లోతు నీరు పంచుకుందన్నది మిగతా సగం. ఆవిరిగానూ వికిరణంగానూ పోయినది తీసేయగా చదరపు మీటరుకు 50 వాట్ల చొప్పున నెల రోజులు వేడి మిగిలితే, 20 మీటర్ల మందం పొర సుమారు 1.6 డిగ్రీలు వేడెక్కుతుంది. అదే వేడి 50 మీటర్ల వరకు కలిసిపోతే పెరుగుదల 0.6 దగ్గరే ఆగుతుంది. గాలి బలంగా వీచిన ఏడు ఆవిరీ ఎక్కువే, కింది చల్లని నీటితో కలయికా ఎక్కువే. అయితే గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి తెచ్చే మంచినీరు తేలికైనది కనుక బంగాళాఖాతం మీద మూతలా పరుచుకుని ఆ కలయికను అడ్డుకుంటుంది.

సరంగు గారి మాటనూ కొట్టివేయలేము. వేసవికి ముందు మన తీరం వెంబడి ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి సాగి, అక్టోబరు నాటికి వెనక్కు తిరిగి, ఉత్తరాన ఉన్న తక్కువ ఉప్పదనపు నీటిని దక్షిణానికి తెస్తుంది. ఏడాదికీ ఏడాదికీ దీని బలం మారుతుంది.

జవాబు (మత్స్యకార కుటుంబం, భోగాపురం వైపు):
నైరుతి గాలి తీరానికి సమాంతరంగా నాలుగు రోజులు ఆగకుండా వీస్తే, భూమి తిరుగుడు వల్ల పైనీరు గాలికి కుడి వైపుకు, అంటే మన దగ్గర సముద్రం లోపలికి జరుగుతుంది. ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లని నీరు ఎక్కుతుంది. వల లాగేటప్పుడు చేతులకే తెలిసిపోతుంది. ఒకటిన్నర డిగ్రీకి నేనైతే మొదట దీనినే అనుమానిస్తాను.

జవాబు (విజయనగరం విద్యార్థి, మళ్లీ):
ఒప్పుకుంటాను. అయితే ఏటేటా తేడాలకు దూరపు కారణాలూ ఉన్నాయి. ఎల్ నినో (భూమధ్యరేఖ దగ్గర పసిఫిక్ నీరు మామూలు కంటే వేడెక్కడం) వచ్చిన మరుసటి వసంతంలో హిందూ మహాసముద్రం మీద మబ్బులూ గాలులూ తగ్గి నీరు వేడెక్కుతుంది. 1998లో లక్షద్వీపాల పగడాలు తెల్లబారింది అలాంటి వేడికే. భూమధ్యరేఖ దగ్గర గాలులు మారితే పుట్టే కెల్విన్ అలలు (తీరం వెంట సాగే చాలా పొడవైన అలలు) అండమాన్ వైపు నుంచి ఖాతం అంచు వెంబడి తిరిగి వారాల తరువాత మన తీరానికి చేరి, అడుగున ఉన్న చల్లని పొరను పైకో కిందికో జరుపుతాయి. 1997, 2019 సంవత్సరాలలో వలె హిందూ మహాసముద్ర ద్విధ్రువం ధనాత్మకంగా ఉన్నప్పుడు, అంటే ఆ సముద్రపు పడమర వైపు మామూలు కంటే వేడిగా, తూర్పు వైపు చల్లగా ఉన్నప్పుడు, చల్లని పొరను కిందికి నొక్కే శీతాకాలపు కెల్విన్ అల బలహీనపడి ఆ పొర పైకి వస్తుంది.

నడి ఖాతంలో పైనుంచి వచ్చిపోయే వేడిదే పైచేయి, తీరం దగ్గర ప్రవాహాలదీ గాలిదీ. ఒక్క మాట: రెండేళ్లూ ఒకే వేళకు కొలిచారా? గాలి లేని మధ్యాహ్నం పై మీటరు నీరు ఒక్కటే డిగ్రీ దాకా వేడెక్కగలదు.

ప్రశ్న అడిగిన వారు:
పిల్లల నోటు పుస్తకం తీసి చూశాను. కిందటేడు మధ్యాహ్నం రెండు గంటలు, ఈ ఏడు ఉదయం ఏడు గంటలు. వచ్చే ఏడు వేళ మార్చకుండా, బరువు కట్టిన సీసాతో పది మీటర్ల లోతు నీరు కూడా తీస్తాము. అంతకు ముందు వారం గాలి ఎటు వీచిందో రాసి ఉంచే పని సరంగు గారికి అప్పగించాను.