పాకాల అడవిలో కత్తి విద్య శిబిరం: పిల్లలను పంపవచ్చా?

హన్మకొండ_అమ్మ: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఒక కరాటే మాస్టారు దసరా సెలవుల్లో పాకాల చెరువు దగ్గర మూడు రోజుల శిబిరం పెడుతున్నారు. కర్రసాము, కత్తి దాడిని ఎదుర్కోవడం, రాత్రి గుడారాల్లో బస. పంపమంటారా?

తాలిం_పాతకాపు: తప్పక పంపండి. హాలులో పరుపు మీద నేర్చుకున్న అడుగు రాళ్ల నేలమీద నిలవదు. మేము తాలింఖానా (పాతకాలపు సాము గరిడీ) మట్టిలోనే నేర్చుకున్నాం. కేరళ యుద్ధవిద్య కళరిపయట్టులో ముందు ఒళ్లు వంచి, ఆ తర్వాత కర్ర పట్టించి, చివరికే లోహపు ఆయుధం ఇస్తారు. ఫిలిప్పీన్స్ కర్రవిద్య అర్నిస్‌లో మొదటే చేతికి బెత్తం ఇస్తారు, అదే కదలిక కత్తికి పనికొస్తుంది. ఏ దారైనా ఆరుబయట సాధన కావలసిందే.

నర్సంపేట_వకీలు: పాకాల అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 31 ప్రకారం ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అక్కడ అడుగు పెట్టకూడదు.

తాలిం_పాతకాపు: రబ్బరు కత్తి ఆయుధమా వకీలు గారూ?

నర్సంపేట_వకీలు: వాళ్ల ప్రకటన ఫొటోలో ఉన్నది ఇనుము.

తాలిం_పాతకాపు: అది ఎనిమిది అంగుళాలకు మించదు. ఆయుధ నియమాల జాబితాలో ఉన్నవి 9 అంగుళాల పొడవు, లేదా 2 అంగుళాల వెడల్పు దాటినవి.

నర్సంపేట_వకీలు: అది వేరే చట్టం. వన్యప్రాణి చట్టం ఆయుధాల్లో కత్తులనూ చేర్చింది. పొడవు అడగలేదు.

కాజీపేట_కుర్రాడు: అక్కడ కోతులకు ఏ సెక్షనూ లేదు, జాగ్రత్త.

రైల్వే_నాన్న: మా అబ్బాయి ఇలాంటి శిబిరం నుంచే వచ్చి సంచిలో కత్తి పెట్టుకుని కాలేజీకి వెళ్లాడు. ప్రిన్సిపాల్ ముందు తల దించుకున్నది నేను.

తాలిం_పాతకాపు: అది నేర్పినవాడి లోపం. రబ్బరు కత్తి అంచుకు సుద్ద పూసి ఇద్దరిని తలపడనివ్వండి. నిమిషంలో ఇద్దరి చొక్కాలూ గీతలే, గెలిచినవాడి ముంజేతి మీద కూడా. వీలుంటే పరుగెత్తాలని పిల్లలకు అప్పుడు ఎక్కుతుంది.

రైల్వే_నాన్న: పరుగెత్తడానికి రుసుమెందుకు, అడవెందుకు?

తాలిం_పాతకాపు: హాలు అద్దె మీరు కడతారా? పరీక్షలంటూ ఏడాదిలో సగం నెలలు పిల్లలను మాన్పిస్తారు, ఆ నెలల రుసుము ఎగ్గొడతారు. మాస్టర్లు ఈ సెలవుల శిబిరాల మీదే బతుకుతున్నారు. మీకు తెలియదా?

నర్సంపేట_వకీలు: ఆ మాస్టారు మీరేనా?

తాలిం_పాతకాపు: నా శిష్యుడు. ఇందులో దాపరికమేముంది?

హన్మకొండ_అమ్మ: అన్నా, కత్తి పొడవు నాకెందుకు? ఆడపిల్లల గుడారం దగ్గర రాత్రి ఎవరుంటారు? నేర్పేవారిలో ఒక్క మహిళైనా ఉందా?

తాలిం_పాతకాపు: నా శిష్యుడి నడవడికి నేను పూచీ.

హన్మకొండ_అమ్మ: నడవడి కాదు, రాత్రి కాపలా ఎవరని అడిగాను.

తాలిం_పాతకాపు: ఆడపిల్ల ధైర్యంగా ఉండాలంటారు, గడప దాటనివ్వరు. అలాంటప్పుడు నేర్పించడం దేనికి?

హన్మకొండ_అమ్మ: బస్సులో చెయ్యి వేసేవాడిని ఎదుర్కోవడానికే నేర్పిస్తున్నాను. అందుకోసం ముక్కూమొహం తెలియని మగవాళ్లతో రాత్రి అడవిలో వదలాలా? హన్మకొండ స్టేడియంలో పగలు పెట్టమనండి, నేనే తీసుకొచ్చి చివరిదాకా కూర్చుంటాను.

తాలిం_పాతకాపు: స్టేడియంలో పెడితే పది మంది కూడా రారు, అమ్మా. అడవి అంటేనే పిల్లలు వస్తారు.

నర్సంపేట_వకీలు: అటవీ శాఖ అనుమతి పత్రం ఉంటే ఇక్కడ పెట్టండి. మొదటి నుంచీ నేను చెబుతున్నది అదే.