కాలనీ మెయిల్స్ సీసీలో పంపాలా, బీసీసీలోనా? హనుమకొండలో పెద్ద లొల్లి అయింది

హంటర్‌రోడ్_కార్యదర్శి
అందరికీ నమస్తే. హంటర్ రోడ్డు వైపు ఒక కాలనీ అసోసియేషన్‌కి సెక్రటరీని. 160 ఇళ్లు. పెద్దవాళ్లలో చాలామంది ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు పిల్లల దగ్గర డాలస్‌లోనో బెంగళూరులోనో ఉంటారు, అందుకే నోటీసులన్నీ మెయిల్‌లోనే. వాట్సాప్ గ్రూపు ఉంది కానీ గుడ్ మార్నింగ్ పూల కింద నోటీసులు కనపడవు. పాత కమిటీ అందరి ఐడీలూ సీసీలో, అంటే అందరికీ కనపడే కాపీ వరుసలో పెట్టి పంపేది. మేం వచ్చాక ‘టూ’లో అసోసియేషన్ ఐడీ పెట్టి, మిగతా అందరినీ బీసీసీలో, అంటే అందుకున్నవాళ్లకు కనపడని వరుసలో పెడుతున్నాం. అప్పటి నుంచి కొందరు "కమిటీ ఏదో దాస్తోంది" అని ఒకటే గోల. ఒకరి అడ్రస్ ఇంకొకరికి కనపడకుండా పంపడం కూడా తప్పేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు_పిల్లగాడు
టైటిల్‌లో బీసీ అని కనపడితే రిజర్వేషన్ల చర్చ అనుకుని మంచి ఆవేశంతో వచ్చిన. వెళ్లొస్తా.

పోర్ట్25
తప్పు కాదు సార్, చేయాల్సిందే అది. నా కొలువే మెయిల్ సర్వర్లతో కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. మెయిల్ ఎవరెవరికి చేరాలో సర్వర్‌కి విడిగా చెప్తాం, ఉత్తరం కవరు మీద అడ్రస్ రాసినట్టు. తెరిచాక కనిపించే టూ, సీసీ వరుసలు లోపలి కాగితం మీద ఉండేవి. ఈ రెండూ ఒకేలా ఉండాలన్న రూలు లేదు. కవరు మీద పేరుండి కాగితం మీద లేకపోతే అదే బీసీసీ. ఇది ఎవరో కొత్తగా కనిపెట్టిన కిటుకు కాదు, మెయిల్ ఎట్లా ఉండాలో చెప్పే 1982 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 822లోనే ఉంది. తర్వాత 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5322 దాన్ని ఎన్ని రకాలుగా అమలు చేయొచ్చో కూడా చెప్తుంది. ఉచిత జీమెయిల్‌లో ఒక మెయిల్‌కి 500 మందికి మించి పెట్టనివ్వరు, మీకు 160 కాబట్టి ఆ బాధ లేదు.

సుబేదారి_72
కంప్యూటర్ ఒప్పుకుంటే న్యాయం అయిపోతుందా? నాకు మెయిల్ వస్తే అది ఇంకా ఎవరికి పోయిందో తెలుసుకునే హక్కు నాకుంది. గోడకు నోటీసు అంటిస్తే అందరూ చదివారని అందరికీ తెలుస్తుంది. బీసీసీలో నాకొక్కడికే పంపారో, నన్ను వదిలేసి మిగతా అందరికీ పంపారో ఎట్లా తెలుస్తుంది? నలుగురికి పంపి, "160 మందికి పంపాం, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, తీర్మానం పాస్" అంటే అడిగేవాడెవడు?

హంటర్‌రోడ్_కార్యదర్శి
సార్, పంపినవాళ్ల సెంట్ ఫోల్డర్‌లో బీసీసీ లిస్టు మొత్తం కనిపిస్తుంది. ఎవరు అడిగినా ఆఫీసుకొచ్చి చూసుకోవచ్చు. దాచేది ఏముంది ఇందులో?

నయీంనగర్_మేడమ్
నేను సుబేదారి సార్ వైపు. బీసీసీ ఎంత నీచమైనదో నాకు తెలుసు. నేనొక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేసేదాన్ని. ల్యాబ్ స్టాకు రిజిస్టర్‌లో లెక్క తేలకపోతే తోటి ఉద్యోగికి మామూలుగా మెయిల్ పెట్టాను, "ఇది ఒకసారి చూడండి, తర్వాత పైకి పంపుదాం" అని. ఆయన ఎంతో మర్యాదగా జవాబిచ్చారు, బీసీసీలో మాత్రం ప్రిన్సిపాల్‌ని పెట్టారు. నాకు తెలియదు. నేను ఇంకా నాలుగు మాటలు స్వేచ్ఛగా రాసేశాను. ఆయన దానికీ అట్లాగే జవాబిచ్చారు. చివరికి ప్రిన్సిపాలే రిప్లై ఆల్ కొట్టి దొరికిపోయారు! నెలాఖరుకు నా సీటు మారింది. ఇప్పటికీ ఎవరైనా మరీ మర్యాదగా మెయిల్ రాస్తే వెనక ఎవరున్నారో అని టెన్షన్.

పోర్ట్25
మేడమ్, మీకు జరిగింది ఘోరం. కానీ అది వేరే వాడకం. ఇద్దరి మధ్య మాటల్లోకి మూడో మనిషిని చాటుగా కూర్చోబెట్టడం ఒకటి, అందరికీ ఒకే నోటీసు పంపుతూ అడ్రస్‌లు మాత్రం కనపడకుండా చూడటం ఇంకొకటి. మొదటిదాన్ని నేనూ సమర్థించను. రెండోది చేయకపోతే ఏమవుతుందో బ్రిటన్‌లో చూశాం. హెచ్‌ఐవీ స్కాట్లాండ్ అనే సంస్థ 105 మందికి పంపిన మెయిల్‌లో బీసీసీ బదులు సీసీ పడింది, 2021లో 10,000 పౌండ్ల జరిమానా పడింది. అదే ఏడాది అక్కడి రక్షణ శాఖ, తాలిబన్లకు భయపడి దాక్కున్న అఫ్గాన్లు 245 మంది అడ్రస్‌లన్నీ ‘టూ’లో పెట్టి పంపింది, 2023 డిసెంబరులో 3,50,000 పౌండ్ల జరిమానా. అక్కడ ప్రాణాల మీదికొచ్చే విషయం.

సుబేదారి_72
మా కాలనీలో తాలిబన్లు లేరు తమ్మీ. రోజూ పొద్దున వాకింగ్‌లో ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లమే. ఇంటి నంబరు తెలుసు, కొడుకు ఎక్కడ పనిచేస్తాడో తెలుసు, ఎవరికి షుగరుందో తెలుసు. ఒక్క మెయిల్ ఐడీ మాత్రం రహస్యమా?

చాయ్_ఉస్మానియా
షుగర్ సంగతి కూడా బీసీసీలో పెట్టండి దయచేసి 😀

కాజీపేట_లోకో
రైల్వేలో గుమాస్తాగా చేరి రిటైరైనవాణ్ణి. ఇవన్నీ మీరు కొత్తగా వచ్చినట్టు మాట్లాడుతున్నారు. టైపు మిషన్ కాలంలో కార్బన్ పేపర్లు పెట్టి లెటర్ కొట్టాక పై కాగితం తీసేసి, కింది కాపీల మీద మాత్రమే మూడో ఆఫీసర్ పేరు కొట్టేవాళ్లం. అసలు లెటర్ అందుకున్నాయనకు ఆ సంగతి తెలిసేది కాదు. మా ఆఫీసు కాపీలో మాత్రం ఉండేది, ఫైలు తెప్పించి చూస్తే దొరికేది. ఫైలు చూడనిస్తారా లేదా అన్నదే అసలు ప్రశ్న. కనపడకపోవడం వల్ల ఎవరూ చెడిపోలేదు. ఇంకో మాట, అప్పట్లో టైపిస్టుకు అన్నీ తెలిసేవి కాబట్టి ఆఫీసులో అందరికంటే ఎక్కువ మర్యాద వాళ్లకే.

చట్టం_చదివినోడు
2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఉంది కదా. సీసీలో పెడితే 250 కోట్ల జరిమానా. ఇక మాట్లాడేదేముంది.

పోర్ట్25
జర ఆగన్నా. 250 కోట్లు గరిష్ఠ పరిమితి, డేటా భద్రతకు తగిన జాగ్రత్తలు తీసుకోని సంస్థలకు. దాని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు కూడా ఇచ్చారు. కాలనీ సెక్రటరీని 250 కోట్లతో బెదిరిస్తే ఎవరూ ఆ పదవికి నిలబడరు.

చాయ్_ఉస్మానియా
మా కాలనీలో ఊరికే ఇస్తామన్నా నిలబడట్లేదు.

మేడమీది_తోట
నేను చాలా రోజులుగా చదవడమే తప్ప రాయను. కానీ "మెయిల్ ఐడీలో రహస్యమేముంది" అన్నందుకు రాస్తున్నా. ఒంటరిగా ఉంటాను, అద్దె ఇల్లు. మా ఇంటి ఓనరు అమెరికాలో ఉంటారు, అందుకని మెయింటెనెన్స్ మెయిల్స్ నాకే వస్తాయి. సీసీలో వచ్చే రోజుల్లో ఆ లిస్టు ఎవరి చేతికి చిక్కిందో, యాదగిరిగుట్ట దగ్గర వెంచరు, జనగామ రోడ్డులో ప్లాటు అంటూ రోజూ మెయిల్స్. అది సరే, డిలీట్ చేసుకుంటాం. ఆ లిస్టులోంచే ఒక పెద్దమనిషి నా ఐడీ తీసుకుని "మీ డాబా మీద గులాబీలు బాగున్నాయి" అని మొదలుపెట్టాడు. జవాబివ్వలేదు. అయినా ఆగలేదు. ఒకరోజు పొద్దున తొందరగా లేచారేం అని అడిగాడు. ఐడీలో నా పూర్తి పేరు, పుట్టిన సంవత్సరం ఉన్నాయి, పదేళ్లుగా బ్యాంకుకీ ఆధార్‌కీ అదే. ఎట్లా మార్చుకోను? సుబేదారి సార్, మీకు అందరి మొహాలూ తెలిసి ఉండొచ్చు. నాకు ఆ మొహం తెలియకపోతేనే బాగుండేది.

నయీంనగర్_మేడమ్
అయ్యో. దీనికి నా దగ్గర జవాబు లేదు. నేను చెప్పింది ఆఫీసు సంగతి మాత్రమే.

సుబేదారి_72
అమ్మా, అట్లాంటివాణ్ణి పట్టుకుని నలుగురిలో నిలబెట్టాలి. నేనే ముందుంటా. కానీ ఒక్కడు వెధవ అయినందుకు 160 ఇళ్లవాళ్లు ఒకరికొకరు ఉత్తరం రాసుకోకూడదా? సెక్రటరీ గారిని ఒకటి అడుగుతున్నా. బీసీసీలో వచ్చిన మెయిల్‌కి రిప్లై ఆల్ కొడితే ఎవరికి పోతుంది?

హంటర్‌రోడ్_కార్యదర్శి
అసోసియేషన్ ఐడీకి వస్తుంది. అందులో తప్పేముంది సార్? అందుకే కదా, ఒకరు "ఓకే" అంటే 159 మంది ఫోన్లు మోగకుండా ఉన్నాయి.

సుబేదారి_72
అదే నేను చెప్పేది! పాత పద్ధతిలో బోరు మోటారు బిల్లు గురించి నేను అడిగితే 160 మంది చదివారు. ఇరవై మంది "మాకూ చూపించండి" అన్నారు. ఇప్పుడు నేను అడిగింది మీ ఒక్కరి పెట్టెలో పడుతుంది. మీరు చదివి, మూసి, నిద్రపోతారు. నాలాగా ఇంకెంతమంది అడిగారో నాకు తెలియదు, నేను అడిగానని వాళ్లకు తెలియదు. మోటారు కొత్తది కొన్నామన్నారు, పాతదే రీవైండింగ్ చేయించినట్టు మెకానిక్ మాట. బిల్లు ఏది?

హంటర్‌రోడ్_కార్యదర్శి
ఓహో. ఇప్పుడర్థమైంది. మూడో లైన్ కార్నర్ ఇల్లు సార్ కదా మీరు. ముందే చెబితే సరిపోయేది. పాత కమిటీలో ట్రెజరర్‌గా ఉన్నప్పుడు మీరు ఎన్ని బిల్లులు చూపించారో కూడా ఇక్కడ రాయమంటారా? ఏడాదిన్నరగా మీ ఇంటి మెయింటెనెన్స్ బాకీ ఎంతో రాయమంటారా?

సుబేదారి_72
రాయండి! బాకీ ఎందుకుందో కూడా రాయండి. బిల్లు చూపించేదాకా కట్టనని రాతపూర్వకంగా ఇచ్చాను. ఆ లెటర్ ఎవరికైనా చూపించారా? చూపించరు. మీ ఇంటి వెనక సందులో కమిటీ డబ్బుతో

[మిగతాది తొలగించాం. ఇళ్లు, మనుషులు గుర్తుపట్టేలా రాయొద్దు. విషయం మీద మాట్లాడండి. — మోడరేటర్]

ఓరుగల్లు_పిల్లగాడు
తిరిగొచ్చిన. రిజర్వేషన్ల కంటే ఇదే రంజుగా ఉంది.

కాజీపేట_లోకో
ఇద్దరూ ఒకే కాలనీవాళ్లు, కలుసుకోవడానికి ఇంటర్నెట్ దాకా రావాల్సి వచ్చిందా? సెక్రటరీ గారూ, బాకీ సంగతి తీసి మీరే పెద్దాయన వాదానికి బలమిచ్చారు. సభ్యుల లెక్కలన్నీ మీ చేతిలో ఉన్నాయి కాబట్టే ఆ ఎత్తిపొడుపు మీకు సాధ్యమైంది. ఆయన దగ్గర మీ మీద అట్లాంటి కాగితం లేదు. బిల్లు అడిగితే బిల్లు చూపాలి. బాకీ వేరే ఫైలు.

హంటర్‌రోడ్_కార్యదర్శి
మోటారు బిల్లు ఉంది సార్. కొత్తదే. మీటింగులో చూపించాం, ఆ రోజు ఆయన రాలేదు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రి పదింటికి ఈ పని చేస్తాను, జీతం లేదు. సీసీ ఉన్నప్పుడు ఒక్కో నోటీసుకీ అరవై, డెబ్బై రిప్లైలు, అందులో సగం తిట్లు. పాత సెక్రటరీ బీపీ వచ్చి మానేశారు. నేను బీసీసీ పెట్టింది కొంత ప్రైవసీ కోసం, కొంత ఆ గోల పడలేక. అది దాచను. రిప్లైలు ఆగడం నాకు హాయిగానే ఉంది.

సుబేదారి_72
ఇది ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదా? ప్రైవసీ ప్రైవసీ అని ఆ అమ్మాయిని ముందు నిలబెట్టి, వెనక మీ హాయి చూసుకున్నారు.

మేడమీది_తోట
నన్ను ఎవరూ ముందు నిలబెట్టలేదు సార్, నేనే వచ్చాను. మీరిద్దరూ లెక్కల కోసం కొట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు, నేనూ నెలనెలా కడుతున్నా కాబట్టి నాకూ మోటారు బిల్లు చూడాలని ఉంది. కానీ మీ కొట్లాటకు నా ఐడీ అవసరం లేదు.

పోర్ట్25
బీసీసీకి మీరు మోయలేనంత బరువు ఎత్తారు. అది ఒకవైపు నోటీసుకే పనికొస్తుంది, చర్చకు పనికిరాదు. చర్చ కావాలంటే గూగుల్ గ్రూప్ పెట్టుకోండి. అందరూ ఒకే గ్రూపు అడ్రస్‌కి రాస్తారు, అందరికీ చేరుతుంది. సభ్యుల లిస్టు ఎవరు చూడొచ్చన్న సెట్టింగు విడిగా ఉంటుంది, దాన్ని మేనేజర్లకే పరిమితం చేయొచ్చు. రాసినవాళ్ల ఐడీ మాత్రం బయటపడుతుంది, ఊరికే చదివేవాళ్లది పడదు. గోల వద్దనుకునేవాళ్లు డైజెస్ట్ పెట్టుకోవచ్చు, అంటే చాలా మెసేజ్‌లు కలిపి ఒకే మెయిల్‌గా వస్తాయి. మీటింగు నోటీసులు మాత్రం ఇప్పటిలాగే బీసీసీలో విడిగా పంపండి, ఎంతమందికి పంపారో కింద ఒక లైన్ రాయండి.

సుబేదారి_72
వినడానికి బాగానే ఉంది. గ్రూపు ఓనరెవరు? మెసేజ్‌లు ఆపే అధికారం ఎవరి దగ్గర? సెక్రటరీ ఆమోదిస్తేనే నా ప్రశ్న కనపడేటట్టయితే ఇప్పటికీ దానికీ తేడా ఏంది?

పోర్ట్25
ముందస్తు ఆమోదం లేకుండా పెట్టొచ్చు. ఓనర్లు ఇద్దరు ఉండొచ్చు. కమిటీ నుంచి ఒకరు, కమిటీలో లేనివాళ్ల నుంచి ఒకరు.

హంటర్‌రోడ్_కార్యదర్శి
ఆమోదం లేకుండా అంటే తిట్లు కూడా నేరుగా 160 ఇళ్లకు పోతాయి. తిట్టినవాళ్లను తీసేసే అధికారం ఉంటేనే ఒప్పుకుంటా. ఇద్దరు ఓనర్లకు నాకు అభ్యంతరం లేదు, ఆ రెండో మనిషి మాత్రం ఈయన కాకూడదు.

సుబేదారి_72
నేను అడగలేదు. ఆ అమ్మాయిని పెట్టండి.

మేడమీది_తోట
ఓనరైతే అందరి ఐడీలూ నాకు కనిపిస్తాయి కదా? ఆ పెద్దమనిషిది కూడా. ఒక రోజు టైమివ్వండి, ఆలోచించి చెప్తాను. అద్దెకున్నవాళ్లు ఉండొచ్చని బైలాస్‌లో ఉందో లేదో ఈలోపు చూడండి.