పుట్టిల్లు పర్లాకిమిడి, అత్తిల్లు పాతపట్నం: కేసు ఎక్కడ వేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. చెల్లిని పాతపట్నం దగ్గర ఊరికిచ్చాం. మా బావ తాగొచ్చి కొడతాడు. పెద్దమనుషుల్లో పెట్టినప్పుడల్లా ఒప్పుకుంటాడు, మళ్లీ మామూలే. ఈమధ్య చెయ్యి విరిగేలా కొడితే మేమే వెళ్లి తెచ్చుకున్నాం. నాలుగున్నరేళ్ల పాపను మాత్రం వాళ్లు పంపలేదు. ఇప్పుడు స్టాంపు కాగితం రాసి పంపారు: సంబంధం తెగిపోయింది, పాప మీద హక్కు లేదు అని చెల్లి సంతకం పెట్టాలట. కేసు వేస్తే ఆంధ్రలోనే వేయాలి, ఒడిశాలో చెల్లదని ఒకాయన భయపెడుతున్నాడు. పైగా ఇక్కడి కోర్టులో కాగితాలన్నీ ఒడియాలో ఉంటాయి. ఏం చేయాలో తోచడం లేదు.

బరంపురం లాయరు:
ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి. హిందూ వివాహం స్టాంపు కాగితంతో తెగదు, కోర్టు డిక్రీ కావాలి. కులాచారం ప్రకారం విడాకులున్నాయని ఎవరైనా అంటే ఆ ఆచారాన్ని కోర్టులో రుజువు చేయాలి, అదేం చిన్న పని కాదు. పాప విషయంలో కోర్టు చూసేది పాప బాగు, తల్లి రాసిచ్చిన కాగితం కాదు. అయినా సంతకమంటూ ఉంటే అవతలి లాయరు మొదటి వాయిదాలోనే దాన్ని తీసి చూపిస్తాడు.

ఇక ఎక్కడ అన్నది. పర్లాకిమిడిలోనే వేయొచ్చు. 2005 గృహహింస చట్టం సెక్షన్ 27 ప్రకారం బాధితురాలు తాత్కాలికంగా ఉంటున్న చోటైనా చాలు. ఇక్కడి మేజిస్ట్రేటు ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది, ఏరు దాటగానే ఆగిపోదు. భరణం కేసూ అంతే, భార్య ఉంటున్న చోట వేయొచ్చు. 2024 జులై 1 నుంచి అది నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 144, పాత సీఆర్పీసీలో 125. విడాకులు కావాలనుకున్నా, 2003 సవరణ తర్వాత భార్య తానుండే చోటే అర్జీ పెట్టుకోవచ్చు. భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం మీద పెట్టే పాత ఐపీసీ 498ఎ, అంటే ఇప్పటి న్యాయ సంహిత సెక్షన్ 85 ఫిర్యాదు కూడా పుట్టింట తలదాచుకున్న చోట ఇవ్వొచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మిమ్మల్ని భయపెట్టినాయన ఇవేవీ చదివినట్టు లేదు.

ఒక్క పాప దగ్గరే చిక్కుంది. 1890 గార్డియన్స్ చట్టం కింద కస్టడీ, అంటే బిడ్డను తన దగ్గర ఉంచుకునే హక్కు కోసం కేసు వేస్తే బిడ్డ మామూలుగా ఉండే చోటి కోర్టుకే వెళ్లాలి. పాప ఇప్పుడు అటుంది కాబట్టి శ్రీకాకుళం జిల్లాకి తిరగాల్సి వస్తుంది. అందుకే ఇక్కడ వేసే గృహహింస అర్జీలోనే సెక్షన్ 21 కింద పాప తాత్కాలిక కస్టడీ అడగండి. అయిదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం సెక్షన్ 6 చెబుతుంది. అయిదు నిండితే తల్లికి రాదని కాదు. కానీ ఈ బలం ఇప్పుడు చేతిలో ఉంది, ఈ ఆరు నెలలూ రాయబారాలతో పోగొట్టుకోకండి.

గృహహింస అర్జీని మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టంలో ఉంది. అలా తేలిన కేసులు తక్కువ. అందుకని అర్జీతో పాటే సెక్షన్ 23 కింద మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు తేలేలోపే ఇచ్చే ఉత్తర్వు అడగాలి. ఇంకో మాట, మీరే వెళ్లి పాపను ఎత్తుకురావద్దు. ఎదురు కేసు పెట్టడానికి మీరే దారి ఇచ్చినట్టవుతుంది.

ఒక సభ్యుడు:
చిన్న పిల్ల ఉంది కదా, ఇంకోసారి సర్దిచెప్పి పంపితే నయం. కోర్టుకెక్కితే కాపురం మళ్లీ నిలబడదు.

రాయగడ నుంచి ఒక సభ్యురాలు:
బాబాయ్, చెయ్యి విరిగింది. మళ్లీ పంపితే ఏం విరగాలని మీ ఉద్దేశం?

అన్నయ్యా, నేను ఈ దారిలో నడిచాను కాబట్టి చెబుతున్నా. జిల్లాలో ఈ గృహహింస కేసులు చూసే ప్రొటెక్షన్ ఆఫీసర్ ఉంటారు, ముందు అక్కడికి వెళ్లండి. గృహహింస నివేదిక ఫారం నింపి మేజిస్ట్రేటుకి పంపుతారు. ఆ ఫారం నింపే దగ్గరే మనవాళ్లు పొరపాటు చేస్తారు. ‘రోజూ కొట్టేవాడు’ అని రాస్తే బలం ఉండదు. ‘సంక్రాంతి మర్నాడు రాత్రి, అన్నం చల్లారిందని పళ్లెం విసిరాడు, కుడి కనుబొమ్మ చిట్లింది, పక్కింటి అత్త వచ్చి విడిపించింది’ ఇలా ఉండాలి. తేదీ గుర్తులేకపోతే పండగో, పాప పుట్టినరోజో ఆనవాలుగా రాయించండి. ఆసుపత్రి ఓపీ చీటీ, ఎక్స్‌రే దాచారా? ఆ చీటీలో ‘జారిపడింది’ అని ఉందేమో చూడండి. మొగుడు పక్కనే నిలబడితే మనం చెప్పేది అదేగా. అలా ఉంటే ఎందుకలా చెప్పాల్సి వచ్చిందో ఫారంలోనే రాయించాలి.

ఒడియా గురించి టెన్షన్ వద్దు. మన వైపు తెలుగు తెలిసిన లాయర్లకు కొదవ లేదు. 1936 నుంచి పర్లాకిమిడి ఒడిశాలో ఉన్నా సంతలో బేరాలు తెలుగులోనూ సాగుతున్నాయి కదా! అర్జీ ఏ భాషలో రాసినా, తెలుగులో చదివి వినిపించాకే సంతకం పెట్టించండి. తెలుగు కాగితాలకు తర్జుమా జతచేయాలి. లాయరు ఫీజుకి డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరునిస్తారు, ఫోన్ 15100. అర్ధరాత్రి గొడవైతే 112, మహిళల సాయానికి 181.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, సార్, ఇద్దరికీ దండాలు. ఓపీ చీటీలో నిజంగానే ‘మెట్ల మీంచి పడింది’ అని ఉంది. ఇంకో రెండు సందేహాలు. చెల్లి బంగారం, టెన్త్ సర్టిఫికెట్ అక్కడే ఉండిపోయాయి. ఈలోగా వాళ్లే అటు కేసు వేస్తే?

బరంపురం లాయరు:
బంగారం, సర్టిఫికెట్లు తిరిగి ఇప్పించమని అదే అర్జీలో సెక్షన్ 19 కింద అడగొచ్చు. పెళ్లి ఫొటోల్లో ఒంటి మీద కనిపించే నగలు, మీ దగ్గరున్న కొట్టు రసీదులు చూసి జాబితా రాయండి. రసీదు లేనిది ఎవరు పెట్టారో రాస్తే సరిపోతుంది.

వాళ్లు అక్కడ విడాకులో, కాపురానికి రమ్మనో వేస్తే నోటీసు వస్తుంది. తీసుకోకుండా తిప్పి పంపితే మీరు లేకుండానే ఉత్తర్వు అయిపోవచ్చు, కాబట్టి తీసుకోండి. ఆ కేసును ఇటు మార్చుకోవాలంటే రెండు రాష్ట్రాల వ్యవహారం గనక కటక్ హైకోర్టుకు అధికారం లేదు, సుప్రీంకోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేయాలి. అందుకే వాళ్లకంటే ముందు మీ అర్జీ ఇక్కడ నంబరు పడటం మంచిది. సోమవారం ఆ ఓపీ చీటీ, ఎక్స్‌రే, పెళ్లి ఫొటోలు, చెల్లి ఆధార్ పట్టుకుని ప్రొటెక్షన్ ఆఫీసరు దగ్గరికి వెళ్లండి. పాప జనన ధ్రువపత్రం వాళ్ల దగ్గరుంటే దానికోసం ఆగకండి, పుట్టిన చోటి రిజిస్ట్రారు దగ్గర నకలు తర్వాత తీసుకోవచ్చు.