టెస్ట్ స్క్రిప్టులు: షెల్‌లోనే ఉంచాలా, పైథాన్‌కి మార్చాలా?

ప్రశ్న | కీబోర్డ్‌కింద
ఒక కమాండ్ లైన్ టూల్. టెస్టులన్నీ బాష్‌లో (ఒక షెల్, అంటే కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) ఉన్నాయి. లినక్స్‌లో అన్నీ పాస్, మ్యాక్‌లో సగం ఫెయిల్, విండోస్‌లో అసలు మొదలే కావు. పోజిక్స్ షెల్‌కి (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణం) కుదిస్తే చాలా, లేక పైథాన్‌లో తిరగరాయాలా?

డాష్‌వాది
తిరగరాయక్కర్లేదండీ. మ్యాక్‌తో వచ్చే బాష్ 3.2. మ్యాప్‌ఫైల్ (లైన్లని అర్రేలోకి చదివే కమాండ్), అసోసియేటివ్ అర్రేలు (పేర్లతో వెతికే పట్టికలు) 4.0లో వచ్చినవి కాబట్టి అక్కడ పనిచేయవు. అవి తీసేయండి. ఇక టెక్స్ట్ మార్చే సెడ్ కమాండ్ సంగతి: ఫైల్‌ని అక్కడికక్కడే మార్చే ఐ ఆప్షన్‌కి మ్యాక్‌లో బ్యాకప్ ఎక్స్‌టెన్షన్ ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే మీ ఎస్ (వెతికి మార్చే) కమాండ్‌నే ఎక్స్‌టెన్షన్ అనుకుంటుంది. ఐ పక్కనే ఖాళీ వదలకుండా డాట్ బాక్ తగిలించి, తర్వాత ఆ బ్యాకప్‌ని చెరిపేస్తే రెండుచోట్లా నడుస్తుంది.

కంటికి కనబడని తేడా ఇంకోటి. లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ, మ్యాక్‌లో అంకె ముందు స్పేసులు పెడుతుంది. "3"తో స్ట్రింగ్‌గా పోలిస్తే టెస్ట్ పోతుంది, అంకెగా పోల్చండి.

పాత్‌లిబ్
మ్యాక్ వరకు ఒప్పుకుంటాను. విండోస్ మాటేమిటి? గిట్ బాష్‌లో (విండోస్‌లో బాష్ నడిపే ప్రోగ్రామ్) స్లాష్‌తో మొదలయ్యే ఆర్గ్యుమెంట్ పాత్‌లా కనిపిస్తే, దాన్ని విండోస్ పాత్‌గా మార్చి మరీ మీ ప్రోగ్రామ్‌కి అందిస్తుంది. టెస్ట్ ఫెయిలవుతుంది, తప్పేమో ప్రోగ్రామ్‌ది కాదు. పైథాన్ సబ్‌ప్రాసెస్‌కి (వేరే ప్రోగ్రామ్‌ని నడిపే మాడ్యూల్) ఆర్గ్యుమెంట్లని లిస్ట్‌గా ఇస్తే కోట్‌ల గొడవ చాలావరకు తప్పుతుంది.

డాష్‌వాది
పైథాన్‌లో గొడవల్లేవన్నట్టు చెబుతున్నారే! ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైల్ ఓపెన్ చేస్తే, 3.14 వరకు వెర్షన్లు విండోస్‌లో సిస్టమ్ కోడ్‌పేజీ (అక్షరాల ఎన్‌కోడింగ్ పట్టిక) వాడతాయి. పాశ్చాత్య కోడ్‌పేజీ 1252 ఉన్నచోట తెలుగు అక్షరం రాయబోతే ఎర్రర్. పైథాన్ నేమ్డ్ టెంపరరీ ఫైల్ (పేరున్న తాత్కాలిక ఫైల్) తెరిచి ఉండగా, మీ టూల్ అదే ఫైల్‌ని మళ్లీ తెరవబోతే విండోస్ మామూలుగా ఒప్పుకోదు.

పాత్‌లిబ్
నిజమే. అందుకే టెంపరరీ డైరెక్టరీ చేసి, అందులో ఫైల్ రాసి మూసేశాకే టూల్‌ని పిలవాలి. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ప్రతిచోటా రాయాలి. ఇవి ఒక హెల్పర్ ఫంక్షన్‌లో ఒకసారి పెడితే అయిపోతాయి. షెల్‌లో మాత్రం ప్రతి కమాండ్‌కీ వేరే జాగ్రత్త.

లైన్‌ఎండింగ్
ఏది ఎంచుకున్నా ముందు గిట్ యాట్రిబ్యూట్స్ ఫైల్‌లో షెల్ స్క్రిప్టులకీ, ఆశించిన అవుట్‌పుట్ ఫైళ్లకీ ఈఓఎల్ (లైన్ ముగింపు) విలువ ఎల్ఎఫ్ (యూనిక్స్ తరహా ముగింపు) అని పెట్టండి. లేకపోతే విండోస్ చెకౌట్‌లో లైన్ చివర సీఆర్ అనే కనబడని అక్షరం చేరవచ్చు. డిఫ్‌లో రెండు లైన్లూ ఒకేలా కనబడుతూ ప్రతి లైనూ తేడా అంటుంది. సార్ట్ వాడేచోట ఎల్‌సీ ఆల్ (భాష, ప్రాంత సెట్టింగ్) విలువని సీ చేయండి, వరుస అన్నిచోట్లా ఒకటే వస్తుంది.

షెల్‌చెక్‌ని (షెల్ స్క్రిప్టుల్లో తప్పులు వెతికే టూల్) నమ్ముకునేవాళ్లకి ఒక మాట: బాష్‌కే పరిమితమైన వాక్యాలు అది పట్టేస్తుంది గానీ, సెడ్ లాంటి బయటి కమాండ్ల ఆప్షన్ తేడాలు చాలావరకు దాని కళ్లబడవు.

కీబోర్డ్‌కింద
విండోస్‌లో మాది నేటివ్ ఎక్స్ఈ (నేరుగా విండోస్‌లోనే నడిచేది), డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లో లినక్స్ నడిపే ఏర్పాటు) కాదు.

డాష్‌వాది
అది ముందే చెప్పాల్సింది! అయితే పైథానే. ఇన్‌స్టాల్ టెస్టులు మాత్రం షెల్‌లోనే ఉంచండి. యూజర్ టైప్ చేసేది ఆ కమాండ్లే కదా.