ముందు దించాలా, వెనుక లేపాలా? బండి ఎత్తు మార్చినవారు చెప్పండి

రెండోగేరు:
నా మోటార్‌సైకిలుకు వెనుక ఒకటే షాక్ అబ్జార్బరు, ముందు మామూలు ఫోర్కు. కొన్న రోజు నుంచీ ముందు భాగం తల ఎగరేసిన గుర్రంలా కనిపిస్తోంది. మలుపు తిప్పాలంటే హ్యాండిల్‌ను తోయాలి, తిరిగాక కూడా బండి బయటి అంచుకే పోతానంటుంది. ఫోర్కు గొట్టాలను, వాటిని పట్టి ఉంచే క్లాంపుల్లో 15 మి.మీ. పైకి జరిపి ముందు భాగం దించి, వెనుక 25 మి.మీ. లేపుదామని ఉంది. చూడటానికి కూడా బాగుంటుంది కదా. చేసినవారు ఎవరైనా ఉన్నారా?

గ్రీజుచేతులు:
రెండూ ఒకేసారి వద్దు. రెండు చక్రాల మధ్య దూరం 1400 మి.మీ. అనుకుంటే, ముందు 15, వెనుక 25 కలిసి బండి దాదాపు ఒకటిన్నర డిగ్రీ ముందుకు వాలుతుంది. వినడానికి చిన్న సంఖ్యే. కానీ ఫోర్కు నిటారు నుంచి 25 డిగ్రీల వాలులో, ట్రెయిల్ (హ్యాండిల్ తిరిగే గీతను నేల దాకా పొడిగిస్తే తగిలే చోటుకూ, ముందు చక్రం నేలను తాకే చోటుకూ మధ్య దూరం) 100 మి.మీ. దగ్గర ఉన్న బండికి లెక్క వేస్తే ట్రెయిల్ సుమారు 10 మి.మీ. తగ్గుతుంది. హ్యాండిల్‌ను నిటారుగా పట్టి ఉంచేది ఆ ట్రెయిలే. తగ్గితే మలుపు చురుగ్గా తిరుగుతుంది, నిజమే. నేరుగా వేగంగా పోయేటప్పుడు మాత్రం ప్రతి గతుకుకూ హ్యాండిల్ వణుకుతుంది.

పాతబండి:
అంత భయపెట్టకండి. నేను ఫోర్కు 12 మి.మీ. జరిపి ఏళ్ల తరబడి నడుపుతున్నాను, ఏమీ కాలేదు. అందం కోసమే చేశాను, ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఒక్కటి మాత్రం చూసుకోండి: ఇద్దరం ఎక్కి గట్టిగా బ్రేకు వేసిన రోజు మడ్‌గార్డు పైభాగం కింది క్లాంపును తాకింది. ఇంటికి వచ్చి చూస్తే వేలి గోరంత రంగు ఊడిపోయి ఉంది. అది చూసి 4 మి.మీ. వెనక్కి దించాను.

కొలతటేపు:
ఒకరు దించమంటున్నారు, ఒకరు వద్దంటున్నారు. సాగ్ కొలిచారా అని ఒక్కరూ అడగలేదు! మీ బరువుకు బండి ఎంత కుంగుతుందో తెలియకుండా ఎత్తు మార్చడం, కాలు కొలవకుండా చెప్పులు కొనడం లాంటిది.

వెనుక చక్రాన్ని గాలిలోకి లేపి, ఇరుసు నుంచి దాని మీదుగా నేరుగా పైనున్న ఏదైనా కదలని బిందువు వరకు కొలవండి. తరువాత చక్రం నేల మీద ఆనించి, బండి సొంత బరువుతో ఎంత కుంగిందో చూడండి. చివరగా హెల్మెట్, జాకెట్ అన్నీ వేసుకుని ఎక్కి కూర్చోండి. బండిని నిలబెట్టడానికి ఒకరు, కొలవడానికి ఒకరు కావాలి. ముందు వైపు ఇంకా సులువు: ఫోర్కు గొట్టం చుట్టూ ఒక ప్లాస్టిక్ టై బిగించి సీలు దాకా నెట్టండి, మీరు ఎక్కి దిగాక అది ఎక్కడ ఆగిందో అదే లెక్క.

రోడ్డు మీద నడిపే బండికి, మనిషి కూర్చున్నప్పుడు స్ప్రింగు కుంగగల మొత్తం కదలికలో మూడో వంతుకు కాస్త తక్కువ కుంగితే బాగుంటుంది. 120 మి.మీ. కదలిక ఉన్న ఫోర్కుకు 30 నుంచి 40 మధ్య. వెనుక అంతకంటే ఎక్కువ కుంగుతోందంటే, మీకు ముందు భాగం ఎత్తుగా కనిపించడానికి కారణం ముందు కాదు, వెనుక.

ఇంకొక మాట. ప్రీలోడు (స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచే సర్దుబాటు) బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. గట్టిపడదు, బండి పైకి లేస్తుంది, అంతే. ప్రీలోడు పెంచి మీ బరువుకు సాగ్ సరిచేశాక, బండి సొంత బరువుకు ఏమాత్రం కుంగకపోతే ఆ స్ప్రింగు మీకు మెత్తన. మార్చాల్సింది స్ప్రింగునే.

పొట్టిరైడరు:
నాది వ్యతిరేక కథ. కాళ్లు అందక వెనుక పొడవైన లింకులు (షాక్ అబ్జార్బరును చక్రం వైపుకు కలిపే కడ్డీలు) వేయించి 30 మి.మీ. దించాను. కాళ్లు అందాయి. మొదటి సాయంత్రం సైడ్ స్టాండు వేసి రెండడుగులు నడిచానో లేదో వెనుక దబ్బుమని చప్పుడు. బండి కిందికి వచ్చింది కానీ స్టాండు పొడవు మారలేదు కదా, దాదాపు నిటారుగా నిలబడి అటువైపు పడిపోయింది. క్లచ్ లివరు విరగలేదు, అది ఎడమ వైపు కాబట్టి. కుడి వైపు అద్దం మాత్రం పోయింది.

స్టాండు కత్తిరించి అతికించే వరకు గోడకు ఆనించే నిలిపాను. హెడ్‌లైటు ఆకాశం చూడటం మొదలుపెట్టింది, ఎదురుగా వచ్చేవారు తిట్టేవరకు నాకు తెలియలేదు. హ్యాండిల్ కూడా బరువెక్కింది. ముందు కూడా కొంత దించాక గానీ కుదుటపడలేదు. స్వింగ్‌ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) కోణం మారుతుంది కాబట్టి చైను వదులు కూడా మళ్లీ చూసుకోవాలి.

రెండోగేరు:
సాగ్ సంగతి నిజంగా తట్టలేదు. ఈ వారం కొలుస్తాను. ఫోర్కు జరపడం ఇంట్లో చేసుకోవచ్చా?

గ్రీజుచేతులు:
చేసుకోవచ్చు, కానీ సైడ్ స్టాండు మీద ఉంచి మాత్రం కాదు. ముందు చక్రానికి బరువు పడకుండా బండిని కింది నుంచి గట్టిగా ఆనించండి. క్లాంపు బోల్టులు అన్నీ ఒకేసారి వదులు చేస్తే గొట్టం జర్రున జారుతుంది, కాబట్టి ఒక వైపు తరువాత ఒక వైపు, 5 మి.మీ. మించకుండా. రెండు వైపులా వెర్నియరుతో కొలవండి, కంటి అంచనా చాలదు. బోల్టులు టార్క్ రెంచితో, మాన్యువల్లో రాసినంతే. చివరగా హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి బ్రేకు గొట్టం, వైర్లు ఎక్కడా లాగబడటం లేదని చూడండి. సరుకు కట్టే పట్టీలతో ఫోర్కును చివరిదాకా కుదించి చూస్తే పాతబండి గారి మడ్‌గార్డు సమస్య ముందే తెలిసిపోతుంది.

రెండోగేరు:
కొలిచాను. వెనుక 130 మి.మీ. కదలికలో నేను కూర్చుంటే 52 కుంగుతోంది! ప్రీలోడు పెంచి 38కి తెచ్చాను. ఆ ఒక్కదానితోనే సగం సమస్య పోయింది, బండి బయటి అంచుకు పోవడం తగ్గింది. ముందు 5 మి.మీ. జరిపాను, బాగుంది. ఆశకు పోయి 10 చేస్తే వేగంలో గతుకు మీద హ్యాండిల్ ఒకసారి విదిలించింది. మళ్లీ 5కి వచ్చాను. పక్క నుంచి తీసిన ఫోటో మిత్రులకు చూపిస్తే ఏం మారిందో ఒక్కరూ చెప్పలేకపోయారు. పొట్టిరైడరు గారూ, నా హెడ్‌లైటు మీకు ఉల్టా, నేలను చూస్తోంది. రేపు చీకటి పడ్డాక గోడ ముందు నిలిపి సరిచేయాలి.